కాలిఫోర్నియా కార్చిచ్చు బాధితులకు మియాపూర్ నుంచి విరాళం పంపాలంటే సరైన దారి ఏది?

ప్రశ్న: మియాపూర్ కార్యదర్శి

సభ్యులందరికీ నమస్కారం. మియాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఈ ప్రశ్న అడుగుతున్నాను. మా దగ్గర చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, వారిలో కొందరు దక్షిణ కాలిఫోర్నియాలోనే ఉన్నారు. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో పాలిసేడ్స్, ఈటన్ కార్చిచ్చులు చెలరేగినప్పటి నుంచి, ఎడారి వైపు నుంచి వీచే శాంటా ఆనా గాలుల ధాటికి అవి వీధులకు వీధులనే ఎలా తుడిచిపెట్టాయో వాళ్ల ఫోన్ల ద్వారా వింటూనే ఉన్నాం. నెలాఖరుకు మంటలు పూర్తిగా అదుపులోకి వచ్చాయి గానీ, అప్పటికే రెండు చోట్లా కలిపి 16,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి, దాదాపు 30 మంది చనిపోయారు.

2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు మా సంఘం ఇంటింటికీ తిరిగి బియ్యం, పప్పులు, దుప్పట్లు పోగుచేసి డీసీఎం వ్యానులో పంపింది. మా సభ్యులే వెంట వెళ్లి పంచి వచ్చారు కనుక అప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఇప్పుడు కూడా ఇంటికి కనీసం వెయ్యి రూపాయల చొప్పున మెయింటెనెన్స్ ఖాతాలోకే వసూలు చేసి, మొత్తాన్ని కాలిఫోర్నియాకు పంపుదామని కొందరు పట్టుబడుతున్నారు. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన ఒకరు మరో మార్గం చెప్పారు: సొమ్మంతా ఇక్కడ ఆయనకు ఇచ్చేస్తే, అక్కడ ఉన్న వాళ్ల అబ్బాయి అంతే విలువకు డాలర్లలో కట్టేస్తాడట.

ఈ చర్చ సాగుతుండగానే మా వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. పైన మంటల్లో కాలుతున్న హాలీవుడ్ అక్షరాల ఫొటో, మధ్యలో క్యూఆర్ కోడ్, కింద తెలుగులోనే, అమెరికాలో సర్వం కోల్పోయిన తెలుగు కుటుంబాల కోసం ఈ రాత్రి 12 గంటల లోపు విరాళం పంపాలనీ, 80జి కింద పన్ను మినహాయింపు ఉందనీ, రసీదు కావాలంటే జతచేసిన యాప్‌ను ఫోన్‌లో వేసుకోవాలనీ రాసి ఉంది. దాన్ని గ్రూపులో పెట్టినవారు అందరూ గౌరవించే విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. ఆయనకు మరో గ్రూపు నుంచి బంధువొకరు పంపారట. నేను కోడ్‌ను స్కాన్ చేసి చూస్తే అక్కడ నిధి పేరు లేదు, ఎవరో ఒక వ్యక్తి పేరు కనిపించింది. నేను డబ్బు పంపలేదు, కానీ పంపవద్దని ఆ పెద్దమనిషి ముందు గట్టిగా చెప్పడానికి తగిన ఆధారం నా దగ్గర లేదు. సంఘం తరఫున వసూలు చేయడం చట్టరీత్యా కుదురుతుందా, కుదరకపోతే ఇష్టమున్నవారు ఎలా ఇవ్వాలి, అవతలి సంస్థ నిజమైనదని ఇక్కడ కూర్చుని ఎలా తేల్చుకోవాలి అన్నది తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.


జవాబు: సైనిక్‌పురి విశ్రాంత బ్యాంకర్

కార్యదర్శి గారూ, మీకు కావలసిన ఆధారం ఆ సందేశంలోనే ఉంది. ముందుగా ఆ ఫొటో సంగతి చూడండి. హాలీవుడ్ అక్షరాలు ఈ కార్చిచ్చుల్లో కాలలేదు. జనవరి 8 రాత్రి దగ్గరలోని కొండల మీద వేరే మంట ఒకటి పుట్టిన మాట నిజమే గానీ అది అక్షరాల దాకా రాలేదు. కాలుతున్నట్టు చూపించిన బొమ్మలు కృత్రిమ మేధతో తయారైనవని అప్పుడే తేలింది. నిజంగా బాధితుల మధ్య పనిచేసే సంస్థకు తన సొంత ఫొటోలు ఉంటాయి, ఇలాంటి బొమ్మతో అవసరం ఉండదు.

రెండోది, మీరు స్కాన్ చేసినప్పుడు కనిపించిన పేరు. యూపీఐలో పిన్ నొక్కే ముందు తెర మీద వచ్చే పేరు అవతలి బ్యాంకు ఖాతాకు సంబంధించినది. క్యూఆర్ కోడ్ చుట్టూ ఉన్న పోస్టర్‌లో ఏ పేరైనా రాసుకోవచ్చు, ఎవరి లోగో అయినా అతికించుకోవచ్చు. నిధి ఒకరిది, ఖాతా మరొకరిది అయిన చోట మాట్లాడవలసింది ఇక ఏమీ లేదు. ఒక్కోసారి ఐడీ కూడా అసలుదానిలాగే ఉంటుంది. 2020 మార్చిలో పీఎం కేర్స్ నిధిని ప్రకటించగానే జరిగింది గుర్తు చేసుకోండి: అసలు ఐడీలో ‘పీఎంకేర్స్’ అని ఉంటే, చివరి అక్షరం ఒక్కటి తీసేసి ‘పీఎంకేర్’ అని, అదే బ్యాంకు పేరుతో, నకిలీ ఐడీ పుట్టించారు. చదువుకున్నవారు కూడా దాన్ని దాటిపోయే అవకాశం ఉంది, ఎందుకంటే మనం పేరును అక్షరం అక్షరంగా చదవం, చూసి పోల్చుకుంటాం.

అన్నిటికన్నా నాకు భయం కలిగించినది ఆ రసీదు యాప్. ప్లేస్టోర్‌లో దొరకకుండా వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా వచ్చే యాప్ ఏదైనా, ఫోన్‌లో వేసుకోగానే సాధారణంగా ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఆ అనుమతి ఇచ్చిన మరుక్షణం నుంచి మన ఓటీపీలు మనకన్నా ముందు వాళ్లకు చేరతాయి. అంటే విరాళంగా పోయే వెయ్యి రూపాయలు వాళ్లకు లెక్కలోనివి కావు, ఖాతాలో మిగిలినదే వాళ్లకు కావాలి. విరాళానికి రసీదు ఇవ్వడానికి ఎవరికీ యాప్ అవసరం లేదు, ఈమెయిల్ చాలు. మీరు చేయవలసిన మొదటి పని ఆ సందేశాన్ని గ్రూపు నుంచి తొలగించి, ఎవరైనా ఆ ఫైలు తెరిచారేమో ఒక్కొక్కరినీ ఫోన్‌లో అడగడం. ప్రధానోపాధ్యాయుల వారిని నలుగురిలో తప్పుపట్టకండి. ఆయన మీది గౌరవం వల్లనే ఆ సందేశం అంతమంది నమ్మదగినదిగా మారింది కనుక, హెచ్చరిక కూడా ఆయన పేరుతోనే గ్రూపులో పెట్టిస్తే ఎక్కువ పనిచేస్తుంది.


జవాబు: హిమాయత్‌నగర్ ఆడిటర్

సందేశం గురించి పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. కాలిఫోర్నియా బాధితులకు ఖర్చుపెడతామంటూ 80జి మినహాయింపు ఇవ్వజూపడమే ఆ సందేశం బూటకమని చెప్పే గుర్తు. మన దేశంలో ధార్మిక సంస్థలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది ఇక్కడ ఖర్చు చేసిన సొమ్ము మీద. విదేశంలో ఖర్చుపెట్టాలంటే ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు నుంచి విడిగా అనుమతి పొంది ఉండాలి, అది అరుదు. మీరు నేరుగా అమెరికా సంస్థకు ఇచ్చినా ఇక్కడ 80జి వర్తించదు. నిజమైన 80జి విరాళానికి సంస్థ ఇచ్చే ఫారం 10బీఈ ధ్రువపత్రం ఉంటుంది, పైగా రెండు వేల రూపాయలు మించిన నగదుకు మినహాయింపు రాదు. ఇవి తెలిసినవారు అలాంటి సందేశం రాయరు.

ఇక మీ సంఘం ఖాతా విషయం. మెయింటెనెన్స్ ఖాతాలో విరాళాలు కలపడం ఆడిట్ పరంగా తలనొప్పి అన్నది చిన్న సంగతి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి వేరే ఖాతా తెరిస్తే అది తీరుతుంది. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. వసూలైన సొమ్మును విదేశానికి పంపే సులువైన దారి సంఘానికి లేదు. ఎల్ఆర్ఎస్ అని అందరూ పిలిచే రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బయటి దేశాలకు పంపుకోవచ్చు, అందులో విరాళాలు కూడా అనుమతించినవే. అయితే అది ఇక్కడ నివసించే వ్యక్తులకు మాత్రమే ఇచ్చిన వెసులుబాటు. సంఘాలకు, ట్రస్టులకు, కంపెనీలకు అది వర్తించదు.

అలాగైతే అధ్యక్షుల వారి సొంత ఖాతాలో అందరి డబ్బూ వేసి ఆయన పేరుతో పంపుదామని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే సంఘాలన్నీ అదే అంటాయి. విదేశానికి డబ్బు పంపడానికి బ్యాంకులో ఆయన నింపే ఏ2 ఫారంలో ఆ సొమ్ము తనదేనని సంతకం పెట్టాలి. అరవై ఇళ్ల డబ్బు తనదని ఆయన రాసివ్వడం అబద్ధపు ధ్రువీకరణ అవుతుంది. మంచి పనికే కదా అన్న మాట ఆ కాగితం మీద చెల్లదు.

మూడో అంతస్తు పెద్దాయన చెప్పిన మార్గం వినడానికి ఎంతో సులువుగా ఉంది, కానీ దాన్ని మాత్రం అసలే ముట్టుకోవద్దు. ఇక్కడ నలుగురి దగ్గర రూపాయలు తీసుకుని, అక్కడ మరొకరు డాలర్లలో చెల్లించడం అంటే బ్యాంకును పక్కనపెట్టి విదేశీ మారకం జరిపినట్టే, విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం దృష్టిలో అది అనుమతి లేని పరిహార చెల్లింపు. హవాలా నడిచే తీరు కూడా ఇదే. ఆయన ఉద్దేశం మంచిదే అయినా, ఆ అబ్బాయికి అక్కడ, ఆయనకు ఇక్కడ ఎవరికైనా లెక్క చెప్పవలసి వచ్చిననాడు ఉద్దేశాన్ని రుజువు చేసే కాగితం ఒక్కటీ ఉండదు. కొడుకు తన సంపాదనలోంచి తనకు తోచినంత అక్కడ ఇస్తే దానికి ఏ అడ్డూ లేదు. ఇక్కడి ఇరుగుపొరుగు సొమ్ముతో ముడిపెట్టినప్పుడే అది చిక్కవుతుంది.

కాబట్టి నా సలహా ఇది: సంఘం డబ్బు వసూలు చేయకూడదు. పరిశీలించిన ఒకటి రెండు సంస్థల పేర్లు మాత్రం సభ్యులకు తెలియజేయాలి. ఇవ్వదలచినవారు ఎవరికి వారే తమ బ్యాంకు నుంచి పాన్ చూపించి, ఏ2 ఫారంలో విదేశీ ధార్మిక సంస్థలకు విరాళం అన్న ఎస్1303 కోడ్ రాసి పంపుకోవాలి. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటితే మూలంలోనే 20 శాతం పన్ను వసూలు చేస్తారు, 2025 ఏప్రిల్‌కు ముందు ఆ పరిమితి ఏడు లక్షలు ఉండేది. మీవి వేలల్లో ఉండే మొత్తాలు కనుక అది మీకు తగలదు.

సందర్భం వచ్చింది కనుక ఇంకొకటి. రేపు ఖమ్మం లాంటి వరద వచ్చినప్పుడు మీ పిల్లలు అక్కడి నుంచి మీ సంఘం ఖాతాకు డబ్బు పంపుతామంటే ఆగండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ వనరు కిందికే వస్తారు. ఆ చట్టం కింద నమోదై, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉన్న సంస్థలే ఆ సొమ్ము తీసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ పొదుపు నుంచి పంపినదానికి ఆ చిక్కు లేదు.


జవాబు: నల్లకుంట పాఠకుడు

చట్టం సంగతి అలా ఉంచి, మౌలికమైన ప్రశ్న ఒకటి అడగనివ్వండి. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన దేశంలో, సినిమా తారలు, కోటీశ్వరులు ఉండే కొండ మీది ఇళ్లు కాలిపోతే మియాపూర్ పింఛనుదారులు చందాలు వేసుకోవలసిన అగత్యం ఏమిటి? వాళ్లకు బీమా ఉంటుంది, ప్రభుత్వం ఉంటుంది, జనవరి 30న ఒక్క సంగీత కచేరీతోనే పెద్ద మొత్తం పోగుచేసుకున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఫిబ్రవరి వచ్చిందంటే నల్లమలలో, అమ్రాబాద్ అభయారణ్యంలో మంటలు మొదలవుతాయి; తునికాకు చిగురు బాగా రావాలనో, ఇప్పపూలు ఏరుకోవడానికి నేల కనిపించాలనో ఎండుటాకులకు పెట్టిన నిప్పు కొండల మీదికి పాకుతుంది. ఆ మంటలను ఆకు కొమ్మలతో కొట్టి ఆర్పే చెంచు యువకులు, రోజుకూలీ మీద పనిచేసే ఫైర్ వాచర్లు మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నారు. వాళ్లకు మంచి బూట్లు, నీళ్ల సీసాలు కొనిపెట్టే ఆలోచన మీ సంఘంలో ఒక్కరికైనా ఎందుకు రాలేదో నాకు అర్థం కావడం లేదు.


జవాబు: పసడేనా తెలుగు

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగి, చాలా ఏళ్లుగా లాస్ ఏంజెలెస్ పక్కనున్న పసడేనాలో ఉంటున్నాను. ఈటన్ కార్చిచ్చులో ఎక్కువగా కాలిపోయిన ఆల్టడీనా మాకు ఉత్తరాన ఆనుకునే ఉంటుంది. నల్లకుంట పాఠకుల ప్రశ్న న్యాయమైనదే, అమ్రాబాద్ గురించి వారు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. అయితే తారల ఇళ్ల బొమ్మ పాలిసేడ్స్ వైపుది, అది కూడా కొంత భాగానిది. ఆల్టడీనా వేరు. 1960ల తరువాత, చుట్టుపక్కల పేటల్లో నల్లజాతి వారికి ఇళ్లు అమ్మని రోజుల్లో, అక్కడ ఇల్లు కొనుక్కోగలిగిన కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఉంటున్న ఊరు అది. ఇల్లు ఒక్కటే వాళ్ల ఆస్తి. 2024లోనే పెద్ద బీమా సంస్థ ఒకటి కాలిఫోర్నియాలో 72,000 పాలసీలు పునరుద్ధరించబోమని ప్రకటించింది, అందువల్ల బీమా ఉంటుందిలే అన్న ధీమా కూడా అందరికీ లేదు. ఇక కొండ మీది ఇళ్లలో తోటపని, వంటపని, పిల్లల పెంపకం చేసేవారికి ఇల్లు కాలకపోయినా పని కాలిపోయింది. వాళ్లకు బీమా పరిహారం ఎవరూ ఇవ్వరు. పసడేనాలోని దినసరి కూలీల కేంద్రం వాళ్లే మొదటి వారంలో చీపుర్లు, పారలు పట్టుకుని వీధుల్లో పడిన చెట్లకొమ్మలు ఊడ్చారు.

ఇక్కడికి వస్తువులు పంపే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. మొదటి వారాంతానికే విరాళ కేంద్రాల ముందు నల్ల సంచుల్లో బట్టలు మనిషి ఎత్తున పేరుకుపోయాయి, చాలా కేంద్రాలు బట్టలు ఇక వద్దని బోర్డులు పెట్టేశాయి. జనం అడుగుతున్నవి వేరు: కొత్త లోదుస్తులు, మాస్కులు, అద్దె బయానా, పెట్రోలు డబ్బులు. అత్యవసర పరిస్థితి ప్రకటించాక అద్దెలు పది శాతానికి మించి పెంచకూడదని చట్టం ఉన్నా, అంతకన్నా ఎక్కువ అడిగేవారు ఉన్నారని ప్రాసిక్యూటర్లే కేసులు పెడుతున్నారు. కాలకుండా నిలబడిన ఇళ్లలోకి కూడా సీసం, ఆస్బెస్టాస్ కలిసిన బూడిద చేరింది కనుక అద్దెకున్నవారు చాలామంది వెనక్కి వెళ్లలేకపోతున్నారు. ఈ అవసరాలన్నీ డబ్బుతోనే తీరేవి, అదీ వచ్చే రెండు మూడేళ్లు తీరవలసినవి.

సంస్థను పరీక్షించే పద్ధతి ఇది. అమెరికాలో గుర్తింపు ఉన్న ధార్మిక సంస్థకు తొమ్మిది అంకెల ఈఐఎన్ సంఖ్య ఉంటుంది, దాన్ని ఆదాయపు పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్ వెబ్‌సైటులోని పన్ను మినహాయింపు సంస్థల అన్వేషణలో కొట్టి చూడవచ్చు. కాలిఫోర్నియాలో విరాళాలు అడిగే సంస్థ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలోని ధార్మిక సంస్థల రిజిస్ట్రీలో కూడా నమోదై ఉండాలి. అక్కడ పేరు కొడితే దాని స్థితి ‘కరెంట్’ అనో ‘డెలిన్‌క్వెంట్’ అనో చూపిస్తుంది. రెండోది కనిపిస్తే అది లెక్కలు సమర్పించలేదని అర్థం, వదిలేయండి. ఈ రెండూ హైదరాబాద్‌లో కూర్చుని ఐదు నిమిషాల్లో ఉచితంగా చూసుకోగలిగినవి. పేరు మీద ఆధారపడకుండా సంఖ్య మీద ఆధారపడండి, ఎందుకంటే పేరుమోసిన సంస్థల పేర్లను ఒక మాట అటూ ఇటూ చేసి వాడుకోవడం ఇక్కడి మోసగాళ్లకు కూడా అలవాటే. గిఫ్ట్ కార్డుల రూపంలోనో క్రిప్టోలోనో ఇవ్వమన్నవారికి ఇవ్వవద్దని ఇక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెబుతూనే ఉంటుంది.

నాకు తెలిసి నిలకడగా పనిచేస్తున్న వాటిలో కాలిఫోర్నియా కమ్యూనిటీ ఫౌండేషన్ వారి వైల్డ్‌ఫైర్ రికవరీ ఫండ్ ఒకటి, అది తక్షణ సాయం కన్నా దీర్ఘకాల పునరావాసానికి స్థానిక సంస్థల ద్వారా ఖర్చుపెడుతుంది. భోజనాల విషయంలో వరల్డ్ సెంట్రల్ కిచెన్ మొదటి రోజుల నుంచీ పనిచేసింది.

ఆన్‌లైన్‌లో చందాలు సేకరించే గోఫండ్‌మీలో వ్యక్తులకు నేరుగా ఇవ్వాలనుకుంటే, ఆ సంస్థ తాను పరిశీలించిన విజ్ఞప్తులను ఒకే పేజీలో పెట్టింది, ముందు అక్కడ వెతకండి. నిర్వాహకుడు ఎవరు, డబ్బు అందుకునేవారు ఎవరు, ఇద్దరికీ బంధం ఏమిటి అన్నది పేజీలో రాసి ఉందో లేదో చూడండి. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే అది మరో దేశంలో మరో ప్రమాదం నాటిదని బయటపడిన సందర్భాలు ఉంటాయి. గోఫండ్‌మీ భారతదేశంలోని ఖాతాలకు డబ్బు చెల్లించదు కనుక, ఆ పేరు చెప్పి యూపీఐ అడిగితే అది మోసమే.

ఇక్కడున్న మన పిల్లలకు ఒక మాట, తల్లిదండ్రులు దయచేసి చేరవేయండి. మీరు పనిచేసే కంపెనీలో విరాళానికి సమానంగా జతచేసే పథకం ఉందేమో మానవ వనరుల విభాగంలో అడగండి. చాలా టెక్ కంపెనీల్లో ఉంటుంది, మీ వంద డాలర్లు రెండు వందలవుతాయి. ఇల్లు పోగొట్టుకున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే, హెచ్1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవారికి ఫెమా, అంటే ఇక్కడి విపత్తు నిర్వహణ సంస్థ, నేరుగా నగదు సాయం ఇవ్వదు. కానీ అదే ఇంట్లో అమెరికాలో పుట్టిన పిల్లవాడు ఉంటే వాడి పేరు మీద తల్లిదండ్రులు దరఖాస్తు చేయవచ్చు. ఈ కార్చిచ్చుల తరువాత 2025లో తక్షణావసరాల కింద ఇచ్చిన 770 డాలర్లు కూడా అలా పొందే వీలుండేది. ఈ విషయం తెలియక దరఖాస్తే చేయని కుటుంబాలు ఉంటాయి. దరఖాస్తుకు గానీ, ఇంటి తనిఖీకి గానీ ఫెమా రుసుము తీసుకోదు. తీసుకున్నవాడు ఆ సంస్థ మనిషి కాడు.


జవాబు: మియాపూర్ కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. విశ్రాంత బ్యాంకర్ గారు చెప్పినట్టే ప్రధానోపాధ్యాయుల వారితో మాట్లాడాను. ఆయనే స్వయంగా హెచ్చరిక రాసి గ్రూపులో పెట్టారు. అప్పటికే ఇద్దరు డబ్బు పంపారని తెలిసింది, వారిలో ఒకరు నిన్న రాత్రి ఆ యాప్‌ను కూడా ఫోన్‌లో వేసుకున్నారు. ఇప్పుడు వారు ఏం చేయాలి?

సంఘం తరఫున వసూళ్లు ఉండవని కమిటీలో నిర్ణయించాం. నల్లకుంట పాఠకుల మాట మా వాళ్లకు బాగా తగిలింది. అమ్రాబాద్ ఫైర్ వాచర్లకు ఏం కావాలో నేరుగా అటవీ శాఖ డివిజన్ కార్యాలయంలో అడిగి, వస్తువుల రూపంలోనే ఇవ్వాలని ఖమ్మం వెళ్లి వచ్చిన జట్టు ముందుకొచ్చింది. కాలిఫోర్నియాకు ఇవ్వదలచినవారు ఎవరికి వారే ఇస్తారు. ఒక పింఛనుదారు మాత్రం అయిదు వేల రూపాయలు తప్పకుండా తన చేతులతోనే పంపాలంటున్నారు, వారి పిల్లలెవరూ అమెరికాలో లేరు. బ్యాంకుకు వెళ్లి ఏ2 ఫారం నింపడమేనా, ఇంకేదైనా మార్గం ఉందా?


జవాబు: సైనిక్‌పురి విశ్రాంత బ్యాంకర్

ముందు డబ్బు పోయినవారి సంగతి. ఈ జవాబు చదవగానే వారిద్దరి చేతా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఆ నంబరుకు ఫిర్యాదు అందితే, సొమ్ము ఏ బ్యాంకులోకి వెళ్లిందో అక్కడ స్తంభింపజేసే ఏర్పాటు ఉంది. మోసగాళ్లు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మార్చి ఏటీఎంలో తీసేలోపు అది జరగాలి కాబట్టి గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. లావాదేవీకి సంబంధించిన యూటీఆర్ సంఖ్య, అవతలి యూపీఐ ఐడీ, సందేశం స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని మాట్లాడమనండి, తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో అవే వివరాలతో రాతపూర్వకంగా ఫిర్యాదు నమోదు చేయించండి. మొత్తం చిన్నదని వదిలేయవద్దు. ఒకే ఖాతా మీద చాలా ఫిర్యాదులు చేరినప్పుడే దాన్ని పూర్తిగా మూయించడం తేలిక, స్తంభింపజేసిన సొమ్మును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పద్ధతి తెలంగాణలో ఉంది కూడా.

యాప్ వేసుకున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ముందు ఆ ఫోన్‌లో మొబైల్ డేటా, వైఫై ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డులు నిలుపుదల చేయించాలి. ఆ తరువాతే యాప్ తొలగించడం, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడం. పాస్‌వర్డులు మార్చవలసింది కూడా వేరే ఫోన్ నుంచే, పాత ఫోన్‌లో మారిస్తే కొత్త పాస్‌వర్డు కూడా వాళ్లకే అందుతుంది. ఒకటి రెండు రోజుల్లో వారికి సైబర్ పోలీసులమంటూ, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఫోన్లు రావచ్చు. మొదట మోసపోయినవారి నంబర్లు అమ్ముడవుతాయి కాబట్టి, రుసుము కట్టమని గానీ స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమని గానీ ఎవరన్నా ఫోన్ పెట్టేయమని చెప్పండి.

పింఛనుదారు విషయానికి వస్తే, అయిదు వేలకు ఏ2 ఫారంతో వైర్ బదిలీ చేయించడం దండగ. మన బ్యాంకు కమీషను, దాని మీద జీఎస్టీ, దారిలో మధ్యవర్తి బ్యాంకు కోత పోగా చేరేది చాలా తక్కువగా ఉంటుంది. ఆయనకు అంతర్జాతీయ చెల్లింపులకు పనికొచ్చే డెబిట్ లేదా క్రెడిట్ కార్డు ఉంటే, సంస్థ వెబ్‌సైటు చిరునామాను బ్రౌజర్‌లో స్వయంగా టైపు చేసి, అక్కడి విరాళ పేజీలో కట్టడమే నయం. మన కార్డుల్లో అంతర్జాతీయ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో దాన్ని తెరిచి, పరిమితి అయిదు వేలకు కాస్త పైన పెట్టి, చెల్లింపు పూర్తవగానే మళ్లీ మూసేయాలి. చాలా విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగవు, కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు, అందుకే మూసేయడం మరిచిపోకూడదు. రూపాయల్లో చూపించి తీసుకుంటామన్న ఎంపిక ఎక్కడైనా కనిపిస్తే వద్దని, డాలర్లలోనే కట్టమనండి, మారకపు రేటు తక్కువ నష్టంతో పడుతుంది. నెలనెలా విరాళం అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది కొన్ని పేజీల్లో, దాన్ని తీసేసి ఒక్కసారి అన్నది ఎంచుకోవాలి. రసీదు ఆయన ఈమెయిల్‌కు వస్తుంది, అందులో ఈఐఎన్ సంఖ్య ఉండాలి. పసడేనా వారు చెప్పిన ఐఆర్ఎస్ పేజీలో మీరు ముందు చూసుకున్న సంఖ్యతో అది సరిపోలిందో లేదో పక్కన కూర్చుని ఒకసారి చూసి పెట్టండి.